సగం మాత్ర

ఒకటో రోజు, సోమవారం

గోడ మీది పలక నేను చేసే ప్రతి పనీ రాసుకుంటుంది. ఎవరు ఎన్నింటికి వచ్చారు, గొట్టంలో ఊదితే ఎంత అంకె వచ్చింది, ఏ మాత్ర ఎవరి కడుపులోకి ఎప్పుడు చేరింది, అన్నీ దానికి తెలుసు. దానికి తెలియనివి రాసుకోవడానికి నేను ఈ పాత నోటుబుక్కు పెట్టుకున్నాను. రాస్తే అలసట తీరుతుందని కాదు. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే మర్నాడు మందుల కిటికీ తెరవబుద్ధి కావడం లేదు.

ఇవాళ్టితో కొత్త తొంభై రోజులు మొదలు. పొద్దున్నే మందుల పెట్టెలో చలువ సరిచూశాను, గొట్టాల మూతులు ఉడకబెట్టాను, కిటికీ చువ్వల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. ఏడో దిబ్బ మీద ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఉప్పు తుడవాలి. సముద్రం ఊళ్ళలోకి వచ్చేశాక కట్టిన దిబ్బలివి. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే మిల్లు మా పక్కనే ఉంది. నీళ్ళు నగరానికి పోతాయి, ఉప్పు పొడి మాకు మిగులుతుంది. అది పీల్చి పీల్చి వచ్చే జబ్బును ఇక్కడివాళ్ళు ఉప్పుదమ్ము అంటారు.

దానికి ఒక్కటే మందు, నీలిమాత్ర. వారానికి ఒకటి మింగాలి. ఏడాది మాత్రలు సొంతంగా కొనుక్కోవాలంటే పడవా వలా అమ్ముకున్నా చాలదు. అందుకని ఏ మందు ఖర్చుకు తగిందో తేల్చే విలువ మండలి కొని ఇస్తుంది, కానీ అందరికీ కాదు. ఊపిరి అంకె ఇరవైకీ యాభైకీ మధ్య ఉంటేనే కార్డు. యాభై పైన ఉంటే జబ్బు ఇంకా ముదరలేదట. ఇరవై కిందికి దిగితే పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం రాదట. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అన్నట్టుంటుంది మండలి వాళ్ళ వ్యవహారం.

దిబ్బ మీద కార్డులున్నవాళ్ళు అరవై నాలుగు మంది. తొంభై రోజుల్లో వాళ్ళ అంకె సగటున ఎనిమిది పెరగాలి. అప్పుడే మందు పనిచేసినట్టు. కిందటిసారి మూడే పెరిగింది. ఈసారి కూడా ఎనిమిది రాకపోతే ఏడో దిబ్బకు నీలిమాత్ర పంపడం ఆపేస్తామని ఇవాళ పలక మీద హెచ్చరిక వచ్చింది. ఆపేస్తే ఏమవుతుందో నాలుగో దిబ్బలో చూసి వచ్చినదాన్ని. అక్కడి కిటికీ కూడా నాదే. మూసి తాళం వేసింది నేనే.

మధ్యాహ్నం గనగళ్ళ పోలమ్మ నాలుగు కానాగంత చేపలు ఆకులో చుట్టి తెచ్చింది. దిబ్బ అంచున రోజూ పట్టిన చేపలు కుప్పలు పోసి పంచేది ఆవిడే. ఆవిడ పోసిన కుప్పల్లో ఎక్కువ తక్కువలున్నాయని ఇంతవరకు ఎవరూ అనలేదట. రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని మాకు నిబంధన. వద్దన్నాను.

"ఇది లంచం కాదమ్మా. నీ వాటా" అంది పోలమ్మ.

"నేను పడవెక్కలేదు కదా?"

"మంచాన పడ్డోడు ఎక్కినాడేటి? పురిట్లో ఉన్నాది ఎక్కినాదేటి? దిబ్బ మీద ఊపిరి తీసినోళ్ళందరికీ వాటా ఉంటాది. వాటా ఒద్దన్నోళ్ళంటే పడవ దిగిపోయినోళ్ళే మరి."

ఆకు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. సిబ్బంది కూడా నెలకోసారి ఊదాలి. సాయంత్రం ఊదాను. నా అంకె యాభై మూడు.

ఎనిమిదో రోజు, సోమవారం

సోమవారాలు మాత్రలిచ్చే రోజులు. అరవై నాలుగు మంది ఊదాలి, అరవై నాలుగు సార్లు నేను "ఇంకొంచెం, ఇంకొంచెం" అనాలి. చివరికి వాళ్ళ ఊపిరి కంటే నా గొంతే ముందు పోతుంది.

సూరాడ ఎర్రయ్య కూడా వచ్చాడు. అతనికి కార్డు లేదు. మిల్లు గొట్టాల మూతులకు పట్టిన నాచునీ ఆల్చిప్పలనీ నీళ్ళ కిందికి మునిగి గీకే పని చేశాడు, ముప్పై ఏళ్ళు, ఊపిరి బిగబట్టి. ఆరు నెలల కిందట ఊదితే పద్నాలుగు వచ్చింది. లేదు పొమ్మని నేనే చెప్పాను. నా దగ్గరున్న పట్టిక ప్రకారం అతను ఈపాటికి బతికి ఉండకూడదు. ఆ మనిషి ప్రతి సోమవారం వచ్చి బల్ల మీద కూర్చుని అందరినీ ఆటపట్టిస్తుంటే నాకు సంతోషంగానూ ఉంటుంది, సంజాయిషీ అడుగుతున్నట్టూ ఉంటుంది.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంట. మా పూజారమ్మ దగ్గుతోందేటి ఇయ్యాల?" అన్నాడు.

"ఉప్పు తుడిచాను కదా, అందుకు."

"మాం కూడా అలగే అనుకునీవోళ్ళం. నీ దగ్గు నా దగ్గుకి సెల్లెల్లాగుంది."

సరదాకి ఊదుతానంటే గొట్టం ఇచ్చాను. పందొమ్మిది వచ్చింది. పద్నాలుగు నుంచి పందొమ్మిది! మందు లేకుండా ఈ జబ్బులో అంకె పైకి పోదు. గొట్టం మార్చి మళ్ళీ ఊదించాను. పందొమ్మిదే.

"ఏం తింటున్నావు ఎర్రయ్యా?"

"సేపల పులుసు" అన్నాడు. తర్వాత వరసలో ఉన్న అసిరమ్మకి నేను మాత్ర ఇస్తుంటే చూసి, "మాసెడ్డ సేదమ్మా ఆ మందు. దాంతోపాటు బెల్లంముక్క ఇవ్వరాదేటి మీ మండలోళ్ళు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తొమ్మిదో రోజు, మంగళవారం

కిటికీ తుడుస్తుంటే తట్టింది. నీలిమాత్ర చేదుగా ఉండదు. పైన మందంగా తీపి పూత ఉంటుంది. లోపలి చేదు నాలుకకు తెలియాలంటే మాత్రను కోయాలి.

చేపలు పంచే వేళకు దిబ్బ అంచుకు వెళ్ళాను. పోలమ్మ కత్తిపీట నీడలో వాల్చి ఉంది. వంగి చూశాను. కత్తి అంచున పొలుసులు, పొలుసుల మధ్య నీలం.

పోలమ్మ దాచలేదు. సోమవారం మాత్రలన్నీ తన దగ్గరికే వస్తాయట. ప్రతి మాత్రలోనూ ఒక పక్కగా ఆవగింజంత చుక్క ఉంటుంది. అది కడుపులో పడగానే పలకకు కబురు చేస్తుంది. చుక్క ఎటు పక్క ఉందో ఎండకు పట్టి చూసి, అటు సగం కార్డున్నవాళ్ళకు, ఇటు సగం కార్డు లేనివాళ్ళకు. ఎవరి సగం ఎవరికన్నది గవ్వలు వేసి తేలుస్తారు. కార్డున్నవాళ్ళలో పసిపిల్లల తల్లులు ఆరుగురున్నారు. వాళ్ళ మాత్రలు కోయరు. మిగిలిన యాభై ఎనిమిదీ కోస్తారు, యాభై ఎనిమిది మంది కార్డు లేనివాళ్ళకు. ఎర్రయ్య తినేది అసిరమ్మ సగం.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సగం మాత్ర మందు కాదు పోలమ్మా! ఇద్దరికీ చెరి సగం జబ్బు!" అని అరిచాను.

"సగం జబ్బంటే సగం పేణం ఉన్నట్టే గదా. నువ్వొగడికి పేణమంతా ఇచ్చి, ఇంకోడికి ఏటీ నేదు పో అంటన్నావు. మాకలగ పంచడం రాదు."

"ఇది చేప కాదు."

"తెల్సు. సేపైతే ఇంత జాగర్తగా కొయ్యను" అంది.

పదహారో రోజు, మంగళవారం

మండలి అధికారి విశ్వజిత్ గారు పలక తెరలో కనిపించారు. మర్యాదస్తుడు. ఎప్పుడూ విసుక్కోరు. అందుకే ఆయనతో మాట్లాడాక నాకు ఎక్కువ నీరసం వస్తుంది.

"తిలోత్తమగారూ, మీ దిబ్బలో మాత్రలు నూటికి నూరుపాళ్ళు కడుపులోకి చేరుతున్నట్టు కనిపిస్తోంది. కానీ ఫలితం సగం కూడా లేదు. మీ తీరం వాళ్ళ ఒంటికి ఈ మందు పట్టదేమోనని నిపుణులు ఒక వ్యాసం కూడా సిద్ధం చేస్తున్నారు" అన్నారు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? కోసి ఇచ్చిన యాభై ఎనిమిది మంది కార్డులూ పోతాయి, సగం తినేవాళ్ళకు ఆ సగమూ పోతుంది. చెప్పకపోతే తొంభై రోజుల తర్వాత అందరికీ పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చున్నాను.

"వేరే కారణం ఏమైనా మీ దృష్టికి వచ్చిందా?" అని అడిగారు.

రాలేదన్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో పలక ముందు ఆడిన మొదటి అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చిందో!

నలభై ఏడో రోజు, శుక్రవారం

సగానికి పైగా రోజులు గడిచిపోయాయి. సగటున రెండే పెరిగింది. నా అంకె యాభై ఒకటి.

ఇంక దాచి లాభం లేదని పోలమ్మకు అంతా చెప్పాను. నలభై రోజుల పాటు మాత్రలు కోయకుండా కార్డున్నవాళ్ళు నిండుగా మింగితే అంకెలు లేస్తాయి, దిబ్బకు మందు నిలుస్తుంది. ఆ తర్వాత మీరేం చేసుకుంటారో నేను చూడను. కానీ ఆ నలభై రోజులూ కార్డు లేనివాళ్ళకు ఏమీ ఉండదు. ఈ మాటలన్నీ నేనే అన్నాను. పలక అనలేదు, మండలి అనలేదు.

పోలమ్మ కత్తిపీట వాల్చి లేచింది. తర్వాత అందరినీ దిబ్బ అంచున కూర్చోబెట్టింది. కార్డు లేకుండా సగం మాత్ర తినే యాభై ఎనిమిది మంది దగ్గరా వాటా గుర్తుగా తలా ఒక గవ్వ ఉంది. వాటా మానుకోవడానికి ఇష్టమైనవాళ్ళు గవ్వ బుట్టలో తిరిగి పెట్టొచ్చు, పెట్టనివాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకూడదు అని చెప్పింది.

అసిరమ్మ ఏడుస్తూ లేచింది. "నాకేటీ ఒద్దు. మాత్ర మొత్తం మావకే ఇచ్చీండి" అంది. ఎర్రయ్య ఆమెకు మామ కాడు, ఏ చుట్టరికమూ లేదు. ఆర్నెల్లు ఒకే మాత్ర తిన్నందుకు ఆ వరస కలిసింది.

"కూకో ఎహె" అన్నాడు ఎర్రయ్య. "నాను మింగితే పలక్కి తెల్దు. నువ్వు మింగితే తెలస్తాది. తెలిసినోళ్ళే మింగాల." లేచి, ఆయాసపడుతూ నడిచి, తన గవ్వ బుట్టలో పడేశాడు. నా వైపు తిరిగి, "నలబై రోజులే గదమ్మా. ఊపిరి బిగబట్టడం నాకేటి కొత్తా?" అన్నాడు.

నీళ్ళ కింద నాలుగు నిమిషాలు వేరు, ఇది వేరు అని నాకు తెలుసు, అతనికీ తెలుసు. వద్దని నేను అనలేదు. అది రాసుకోవడానికే ఇవాళ ఈ పుస్తకం తెరిచాను. యాభై ఎనిమిది గవ్వలూ బుట్టలో పడ్డాయి.

యాభయ్యో రోజు, సోమవారం

మాత్రలు ఇచ్చాను. పోలమ్మ కత్తిపీట తీయలేదు.

డెబ్భై ఒకటో రోజు, సోమవారం

కార్డున్నవాళ్ళ అంకెలు లేస్తున్నాయి. అసిరమ్మకు ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు. అంకె చెబితే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఈ కిటికీ దగ్గర బాగుపడ్డందుకు సిగ్గుపడే రోగుల్ని మొదటిసారి చూస్తున్నాను.

ఎర్రయ్య రాలేదు. కిటికీ మూశాక నేనే వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. మాటకూ మాటకూ మధ్య చాలా సమయం తీసుకుంటున్నాడు.

"ఎన్నాళ్ళయినాది?"

"ఇరవై ఒకటి."

"సగం దాటీసినాం." కాసేపాగి, "దగ్గు తగ్గినాదేటి నీకు?" అని అడిగాడు. తగ్గిందన్నాను. అబద్ధాలు అలవాటైపోయాయి. అతను నమ్మలేదు.

డెబ్భై తొమ్మిదో రోజు, మంగళవారం

ఎర్రయ్య తెల్లారాక పోయాడు. గంజి తాగి, గిన్నె పక్కన పెట్టి పోయాడని పోలమ్మ చెప్పింది.

ఈ రోజుల్లో పోయింది అతనొక్కడే కాదు. బడే తోటమ్మ, కారి లక్ష్ముడు, మడ్డు అప్పాయమ్మ కూడా పోయారు. కార్డులు లేవు కాబట్టి పలకలో వాళ్ళ పేర్లు లేవు. ఉన్నట్టూ లేదు, పోయినట్టూ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నా మాట మీద పోయినవాళ్ళు నలుగురు.

తొంభయ్యో రోజు, శనివారం

అందరూ ఊదారు. సగటున తొమ్మిది పెరిగింది. పలక పచ్చగా వెలిగింది. దిబ్బకు మందు నిలిచింది.

ఎవరూ కేకలు పెట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి పలక చూసి, తలూపి వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక నేను ఊదాను. నలభై తొమ్మిది. యాభై కిందికి దిగాను. నాకూ కార్డు వస్తుంది! ఒక్క క్షణం నిజంగా సంతోషమేసింది. తర్వాత బల్ల మీద ఎర్రయ్య కూర్చునే చోటు వైపు చూడలేకపోయాను.

తొంభై ఏడో రోజు, శనివారం

విశ్వజిత్ గారు తెరలో నవ్వుతూ కనిపించారు.

"అభినందనలు తిలోత్తమగారూ! ఏడో దిబ్బ ఫలితాలతో నీలిమాత్ర విలువ తిరుగులేకుండా రుజువైంది. మీ తీరంలోనే ఇంత బాగా పనిచేస్తే ఇంకెక్కడైనా పనిచేసినట్టే."

"సంతోషమండి."

"విలువ రుజువైతే ధర పెంచాలని తయారీదారులతో ఒప్పందం ఉంది కదా. సోమవారం నుంచి ధర పెరుగుతుంది. మండలి నిధి మాత్రం అంతే ఉంటుంది. అందుకని కార్డుల హద్దు కొంచెం బిగిస్తున్నాం. ఇక నుంచి ఇరవై అయిదుకూ నలభై అయిదుకూ మధ్య ఉన్నవాళ్ళకే."

మందు పనిచేయకపోతే తీసేస్తామన్నారు. పనిచేస్తే ఖరీదైపోయిందని తీసేస్తున్నారు. ఆ తొమ్మిది అంకెలూ మేం ఎలా సంపాదించామో ఈయనకు చెబుదామని నోరు తెరిచాను, దగ్గు వచ్చింది. ఆరోగ్యం జాగ్రత్త అన్నారు ఆయన.

జాబితా చూశాను. అరవై నాలుగు కార్డుల్లో ఇరవై మూడు పోయాయి. అసిరమ్మది ఉంది. నలభై తొమ్మిది ఉన్న నాకు ఇక రాదు.

తొంభై తొమ్మిదో రోజు, సోమవారం

పలక మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది. నేను మాత్రం పాత లెక్కలోనే రాస్తున్నాను.

నలభై ఒక్క మాత్రలు ఇచ్చాను. ఇరవై మూడు మందికి లేవని చెప్పాను. వాళ్ళు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీ మూసి దిబ్బ అంచుకు వెళ్ళేసరికి పోలమ్మ కత్తిపీట ముందు కూర్చుని మాత్రను ఎండకు పట్టి చూస్తోంది.

"ఇంక మూడు ముక్కలే. రొండుగా కోస్తే సాలవు" అంది.

పక్కన కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పాను. మూడో వంతు తింటే అంకెలు అసలే లేవవు. తొంభయ్యో రోజు మళ్ళీ వస్తుంది. మళ్ళీ నలభై రోజులు ఎవరో ఒకరు మానుకోవాలి. ఈసారి ఇంకా ఎక్కువ మంది.

"తెల్సు" అంది పోలమ్మ, కత్తి మీంచి చూపు ఎత్తకుండా. "అప్పుడేటి సెయ్యాలో అప్పుడు సూద్దాం. ఇయ్యాల్టి వాటా ఇయ్యాల పంచాల గదా."

కోసినవన్నీ ఆకు మీద వరసగా పేర్చింది. ప్రతి ముక్క పక్కనా ఒక గవ్వ. చివర ఒక ముక్క తీసి, గవ్వతో సహా నా ముందు పెట్టింది. గవ్వ అంచున చిన్న పెచ్చు లేచిపోయి ఉంది. నలభై ఏడో రోజున అది బుట్టలో పడడం నేను చూశాను.

"ఇది ఎర్రయ్యది" అన్నాను.

"పోయినోడి వాటా ఆ సేపల కాలం అయ్యీదాకా ఆగదమ్మా. ఎవులికియ్యాలో ఆడే సెప్పి పోతాడు. మందులమ్మ దగ్గుతోంది, అడిగితే అబద్దమాడతాది, నా ముక్క దానికిచ్చీమన్నాడు."

రోగుల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని నిబంధన. అతనికి లేదని చెప్పిన నోటితోనే అతని మందు ఎలా మింగను? ఆ మాటే పోలమ్మతో అన్నాను. ఏడుపు ఆగలేదు. నలుగురు పోయినా రాని ఏడుపు, గోరంత ముక్క చూసి వచ్చింది.

"వాటా ఒద్దంటావేటి మళ్ళీ?" అని అడిగింది.

ఒద్దనలేదు. గవ్వ పట్టుకుని, "వచ్చేసారి బుట్టలో మొదట పడేది ఇదే. గుర్తుపెట్టుకో" అన్నాను. పోలమ్మ తలూపింది, అది మామూలు విషయమే అన్నట్టు.

ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా వేల మాత్రలు పంచాను, రుచి ఇవాళే తెలిసింది. ఎర్రయ్య చెప్పింది నిజమే. మాసెడ్డ చేదు. గొంతు దిగనంత చేదు. బెల్లంముక్క ఉందా అని అడిగాను. పోలమ్మ కొంగు ముడి విప్పి తీసి ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఎర్రయ్య ఒక్కడి కోసమే తెచ్చేదాన్నని చెప్పింది.